ముప్పావు నళిని

నళినికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. సాయంత్రం పూట బాల్కనీలో ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చోవాలని. పట్టుచీర అడగలేదు, గాజులు అడగలేదు, తీర్థయాత్రలకు తిప్పమనలేదు. నాంపల్లి స్టేషను పక్క గల్లీలో, మేడమీద కిరాయి వాటా వాళ్ళది. బాల్కనీలో నిలబడితే స్టేషను రోడ్డంతా కళ్ళ ముందే. రిక్షావాళ్ళ తగాదాలు, కూలీలతో బేరాలు, బండి తప్పిపోయి ఒకరినొకరు తిట్టుకునే మొగుడూ పెళ్ళాలు, హోల్డాలు ఊడిపోయి పరుపుతో సహా రోడ్డున పడ్డ పెద్దమనుషులు. ఇంత వేడుక ఇంటి ముందు రోజూ ఉచితంగా జరుగుతుంటే, నళిని మాత్రం లోపల పీట మీద కూర్చుని పల్లీ గింజంత ఇత్తడి చక్రాలకు చింతపండు పట్టిస్తూ ఉండేది. అరవై రెండులో పెళ్ళయింది మొదలు అదే పని.

ఆమె భర్త ఇంద్రసేన లక్డీకాపూల్‌లోని ఒక సర్కారు ఆఫీసులో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. చాలా మంచివాడు. తాగడు, అరవడు, జీతం తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. ఉన్న వ్యసనమల్లా రైలింజను ఒక్కటే. స్టేషను యార్డులో పెట్టెలను అటూ ఇటూ నెడుతూ తిరిగే ఒక నల్లటి షంటింగ్ ఇంజనును చూసి మనసు పడి, దాన్ని నలభయ్యో వంతు కొలతకు కుదించి ఇత్తడితో చెయ్యడం మొదలుపెట్టాడు. పైకి కనబడే భాగాలు మాత్రమే చేస్తే తొందరగానే అయిపోయేది. కాని ఆయన లోపల కనబడని మరలు కూడా చేసేవాడు. ఎవరికీ కనబడవు కదా అంటే, "ఇంజనుకు తెలుస్తది కదా" అనేవాడు. ఈ పిల్ల ఇంజను సగానికి రాకముందే, యార్డులో ఉన్న పెద్ద ఇంజను ముసలిదైపోయిందని రైల్వేవాళ్ళు దాన్ని తీసేశారు. ఇంద్రసేన ఆ రోజు అన్నం తినలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ఆకురాయి పట్టుకున్నాడు.

ఆకురాయితో రాకి, మెరుగు కోసం మైనపు ముద్ద రాసి తోమాక, ప్రతి ముక్క సందుల్లోనూ నల్లటి జిడ్డు ఇరుక్కునేది. ఆ జిడ్డు పోనిదే ముక్కను ఇంజనుకు బిగించకూడదు. ఆఫీసులో సిరా మరక పడ్డ నక్షాను బయటికి పంపరట, ఇదీ అంతేనట. కాబట్టి రోజూ సాయంత్రం ఆయన కాఫీ తాగి, ఒక గిన్నెలో ఆనాటి ముక్కలు వేసి నళిని ముందు పెట్టేవాడు. ఆమె చింతపండు పులుసులో నానబెట్టి, కుంకుడు నురుగులో ఆడించి, తలపిన్నుతో సందులు గీకి, అగ్గిపుల్లకు దూది చుట్టి తుడిచేది. ఆయన భూతద్దం పెట్టి చూసి, జిడ్డంతా పోతే, "తెల్లగున్నది" అనేవాడు. లేదా, "గీడ జర ఉన్నది" అని వెనక్కి ఇచ్చేవాడు. రానురాను వెనక్కి ఇవ్వడం మానేశాడు. ఇవ్వడానికి వంక దొరికేది కాదు. నళిని అంత బాగా తోమడం నేర్చుకుంది, తన కొంప తనే ముంచుకుంది.

కొలతల మనిషి కదా, ఇంద్రసేన శుభ్రతకు కూడా ఒక కొలత కనిపెట్టాడు. ఆ కొలత పేరు నళిని. భార్య తోమినంత శుభ్రంగా ఉంటే అది ఒక నళిని. వంటింట్లో గిన్నెలు కడిగే పనిమనిషిది అర నళిని. సుల్తాన్ బజార్ హోటల్లో టీ గ్లాసు పావు నళిని కూడా ఉండదు. ఈ మాట ఆయన ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ వాడేవాడు. ఒకసారి ఆ ఆఫీసు గుమస్తా ఒకాయన భోజనానికి వచ్చి, చేతులు కడుక్కుని చూసుకుంటూ, "ముప్పావు నళిని ఉంటదా సాబ్?" అన్నప్పుడు ఆమెకు విషయం తెలిసింది. సిగ్గుతో వంటింట్లోంచి బయటికి రాలేదు. పచ్చడి కూడా ఆ గుమస్తాయే వడ్డించుకున్నాడు.

డెబ్బై నాలుగులో ఇంద్రసేన తన చేతి వాచీ బాగుచేయించుకుందామని అబిడ్స్ వెళ్ళి, అరచేతిలో స్వర్గం చూసినవాడిలా ఇంటికి వచ్చాడు.

"నళినీ, గాడొక డబ్బా ఉన్నది. నీళ్ళు పోసి, వాచీ మరలు వేసి, కరెంటు పెడితే చాలు. జిడ్డంతా పొగ లెక్క బయటికొస్తున్నది. బ్రష్ లేదు, చింతపండు లేదు, మనిషి చెయ్యే తగలది! చప్పుడుతోని కడుగుతదట."

"చప్పుడుతోనా?"

"ఔ. గని గా చప్పుడు మనిషి చెవికి వినబడది."

నళినికి ఆ సైన్సు అర్థం కాలేదు. అర్థం కావాల్సింది మాత్రం వెంటనే అర్థమైంది. గొంతు మామూలుగా ఉంచుకుని, "ఎప్పుడు కొందమండి?" అంది.

"కొనుడంటే కూరగాయలు తెచ్చినట్టా? అన్ని రకాలు చూడాలె, తూచాలె, గప్పుడు."

ఆమె ఆశ అక్కడే సగం చచ్చిపోయింది. ఎందుకంటే ఇంద్రసేన తూచడం మొదలుపెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒక ఏడాది వానలు మొదలవగానే గొడుగు కొనడానికి బయల్దేరి, అన్ని దుకాణాలూ తిరిగి, అన్ని గొడుగులూ తెరిచి మూసి, చివరికి మంచి గొడుగు ఎంచి తెచ్చేసరికి దసరా వచ్చింది.

అలాంటి యంత్రాలు అమ్మేది అబిడ్స్‌లో వరప్రసాద్. బెజవాడ నుంచి వచ్చి కొట్టు పెట్టి, వాచీలు బాగుచేసేవాళ్ళకూ పళ్ళ డాక్టర్లకూ సామాను అమ్మేవాడు. మాట తేనె. ఆయన దగ్గర మూడు రకాలున్నాయి. చిన్నది చాయ్ కప్పంత, వాచీలకోసం. నడిమిది పాలగిన్నెంత. పెద్దది దవాఖానల్లో కత్తులు, కత్తెరలు కడిగేది, అందులో పసిపిల్లకు నీళ్ళు పొయ్యొచ్చు. ఇంద్రసేన చిన్నదాన్ని చూసి, చక్రాలు పడతాయిగాని బాయిలరు పట్టదన్నాడు. పెద్దదాన్ని చూసి, ఇంట్లో పెడితే మనం ఎక్కడ పడుకోవాలన్నాడు. నడిమిది బాగానే ఉంది, నీళ్ళు వేడిచేసే ఏర్పాటూ ఉంది. బాగానే ఉంది కాబట్టే దాని మీద అనుమానం వచ్చింది.

"వినబడని చప్పుడంటున్నరు. మరి అది చప్పుడు చేస్తున్నదని నాకెట్ల తెల్వాలె?"

వరప్రసాద్ సిగరెట్టు పెట్టెలోని వెండి కాయితం తీసి నీళ్ళలో వేలాడదీశాడు. తీసేసరికి దాన్నిండా సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు. "చూశారాండీ! చప్పుడు లేకపోతే ఈ చిల్లులు ఎక్కడివండీ?" అని గర్వంగా చూపించాడు. ఇంద్రసేన మొహం పాలిపోయింది. వెండి కాయితానికి చిల్లులు పడితే తన ఇంజను గతేమిటని బెంగపెట్టుకున్నాడు. ఇత్తడికేమీ కాదని వరప్రసాద్ ఒట్టు పెట్టి చెప్పినా నిద్రపట్టక, మర్నాడు కింది వాటాలో వీణ పాఠాలు చెప్పుకునే సోమయాజులు గారిని వెంటబెట్టుకుని మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు. చప్పుడు సంగతి కాబట్టి సంగీతం వచ్చినవాళ్ళే తేల్చాలని ఆయన లెక్క. నళిని కూడా వెళ్ళింది. ఈ పిచ్చి త్వరగా తెమిలితే తన బాల్కనీ తనకు దక్కుతుందని వెళ్ళింది.

సోమయాజులు గారు కండువా సర్దుకుని, డబ్బా పక్కన చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నారు. కొట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి ఆయన తల అడ్డంగా ఆడించి, "శ్రుతి కాస్త తగ్గిందండీ" అన్నారు.

"నేనింకా స్విచ్ వెయ్యలేదండీ" అన్నాడు వరప్రసాద్.

"అందుకే తగ్గిందన్నాను" అన్నారు సోమయాజులు గారు, ఏమాత్రం తొణక్కుండా. స్విచ్ వేశాక మళ్ళీ విని, ఇప్పుడు సరిపోయిందని, అయితే తాళం కొంచెం తొందరగా నడుస్తోందని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఇలా ఏడాది గడిచింది. చివరికి ఇంద్రసేనకు తన ఆఫీసు బుర్రకు తగిన ఆలోచన వచ్చింది. శ్రుతులూ చిల్లులూ ఎందుకు? చేతిలో అసలైన కొలత ఉండగా! ఒకే రకం చక్రాలు రెండు చేసి, రెంటికీ ఒకే ముద్ద, ఒకే జిడ్డు పట్టించి, ఒకటి యంత్రంలో వెయ్యాలి, ఒకటి నళినికి ఇవ్వాలి. యంత్రం ఒక నళిని దాటితే కొనడం. దాటకపోతే లేదు.

ఈ మాట విని నళినికి లోపల పండగైంది. ఓడిపోవడం ఎంతసేపు? తోమినట్టు చేసి, సందులు వదిలేస్తే చాలు. అబిడ్స్ వెళ్ళే దారిపొడుగునా ఎలా ఓడిపోవాలో ఆలోచించుకుంది. మరీ మురికిగా ఉంచితే అనుమానం వస్తుంది, పైపైన మెరిపించి లోపల వదిలెయ్యాలి. చింతపండు డబ్బాలో పెట్టుకుంది, తలపిన్ను మాత్రం కావాలనే ఇంట్లో వదిలేసింది.

పోటీ సంగతి ఎలా పొక్కిందో, కొట్టు నిండా జనం. వాచీలవాళ్ళు, పళ్ళ డాక్టరు ఒకాయన, పక్క కొట్టు గుమస్తాలు. నళినికి పీట వేశారు. యంత్రానికి బల్ల. వరప్రసాద్ చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "అమ్మగారూ, ఓడిపోతే మీరేం బాధపడకూడదండీ. ఇది సైన్సు. ఆడవాళ్ళ చేతి పనికి దీంతో పోలికేంటండీ" అన్నాడు.

అక్కడ చెడింది. నళినికి ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఏం జరిగిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. పళ్ళ డాక్టరు దగ్గర సన్నటి సూది ఒకటి అడిగి తీసుకున్నట్టు మాత్రం గుర్తుంది. వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. గీకాయి, తుడిచాయి, కడిగాయి, ఆరబెట్టాయి. తలెత్తి చూసేసరికి ఆమె చక్రం దీపంలా వెలుగుతోంది. ఇంద్రసేన భూతద్దం పెట్టి రెండూ చూశాడు, డాక్టరు చూశాడు, వాచీలవాళ్ళు వరసగా చూశారు. యంత్రం తోమిన చక్రంలో ఒక సందు మూల నల్లటి చుక్క మిగిలింది.

"ముప్పావు నళిని" అన్నాడు ఇంద్రసేన.

కొట్టంతా చప్పట్లు. వరప్రసాద్ మొహం మాడిపోయింది. ఇంద్రసేన దారిలో మల్లెపూలు కొని భార్య చేతిలో పెట్టాడు. నళినికి ఆ పూలు మురిక్కాలవలో పారెయ్యాలనిపించింది. ఇంటికొచ్చి తన రెండు చేతులనూ చూసుకుని, పనికిమాలిన చేతులని తిట్టుకుంది. ఆ సాయంత్రం కూడా గిన్నె వచ్చింది. అందులో ముక్కలు మామూలుకన్నా ఎక్కువే ఉన్నాయి.

వరప్రసాద్ ఓటమిని అంత తేలిగ్గా వదిలే రకం కాదు. డెబ్బై ఆరు జనవరిలో, ఏటా జరిగే నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనలో స్టాలు పెట్టాడు. బొంబాయి నుంచి కొత్తరకం సబ్బునీళ్ళు తెప్పించాననీ, ఈసారి నీళ్ళు బాగా వేడిచేసి చూపిస్తాననీ, ఇంటికి వచ్చి మరీ పిలిచి వెళ్ళాడు. నళిని ఈసారి పోటీకి కాక తపస్సుకు కూర్చునేదానిలా తయారైంది. ఎవరేమన్నా వినిపించుకోకూడదు. సైన్సు అన్నా సరే, ఆడవాళ్ళన్నా సరే, తన తల్లిని తిట్టినా సరే.

నుమాయిష్‌లో జనానికి కొదవేముంది. బావి గోడల మీద మోటారు సైకిలు నడిపే మౌత్ కా కువా ఆట చూడ్డానికి పోయేవాళ్ళు కూడా ఆగిపోయారు. వరప్రసాద్ మైకు పెట్టి, "మనిషి గొప్పా? మిషను గొప్పా?" అని కేకలేస్తున్నాడు. నళిని పెదవులు బిగించి, చక్రాన్ని పులుసులో ముంచి, తీసి, పైన మాత్రం తుడిచి, బల్ల మీద పెట్టేసింది. లోపలి సందులు అలాగే నల్లగా ఉన్నాయి. అవి చూస్తుంటే ఆమెకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. చేతులు కొంగులో చుట్టుకుంది, కళ్ళు మూసుకుంది. ఓడిపోవడానికి పడ్డంత కష్టం ఆమె జీవితంలో ఇంక దేనికీ పడలేదు.

యంత్రంలోంచి వచ్చిన చక్రం ధగధగలాడింది. భూతద్దం అక్కర్లేకుండానే జనానికి తేడా తెలిసిపోయింది. వరప్రసాద్ మైకులో కేక పెట్టబోయాడు. ఇంద్రసేన చెయ్యి అడ్డం పెట్టాడు. భార్య తోమిన చక్రం చూశాడు, భార్యను చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, అంతమంది ముందు ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"జ్వరమున్నదా?"

"లేదు."

"మరైతే నీళ్ళ గడబిడ" అని ఇంద్రసేన జనం వైపు తిరిగాడు. "గీడి నల్లాల వచ్చే నీళ్ళు మంచియి కావు. చింతపండు కూడ పాతది. ఈ పోటీ చెల్లది!"

"చెల్లకపోవడమేంటండీ! అమ్మగారు ఓడిపోయారు, ఒప్పుకోండి!" అన్నాడు వరప్రసాద్ మైకులోనే.

నోట్లో నాలుక లేని ఇంద్రసేన ఒంటికాలి మీద లేచాడు. "ఎవరు ఓడిపోయిన్రు? ఈమె చెయ్యి నీకేం తెలుసయ్యా? నా ఇంజన్‌ల ఉన్న ప్రతి మర ఈమె చేతిల నుంచి వచ్చింది. నేను ముక్కలు చేసిన గంతే. ఇంజన్ చేసింది ఈమెనే! నీ డబ్బా ఈమె గోటికి సరిపోదు!"

జనం రెండుగా చీలిపోయారు. ఒక వర్గం అమ్మగారి పక్షం, ఒక వర్గం సైన్సు పక్షం. మిరపకాయ బజ్జీలవాడు నళిని పక్షాన గట్టిగా అరిచాడు. ఎవరో మళ్ళీ పోటీ పెట్టాలన్నారు, మంచినీళ్ళు మా ఇంటి నుంచి తెస్తానని ఇంకెవరో బయల్దేరాడు. ఆ గోల మధ్య నళిని మాత్రం భర్త అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఇంజను చేసింది ఈమెనే. ఇంట్లో ఒక్కనాడైనా ఈ మాట అనలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకో పద్నాలుగేళ్ళు ఆ సంతోషంతోనే తోమగలనని కూడా అనిపించింది. అదే ఆమెను భయపెట్టింది.

"నేను కావాల్నని ఓడిపోయిన" అంది.

ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి, వరప్రసాద్ చేతిలో మైకు ఉందని కూడా చూడకుండా, దాని పక్కనే గట్టిగా అనేసింది. "నేను కావాల్నని ఓడిపోయిన! నాకు తోముడంటే ఇష్టం లేదు!"

ఆ మాట నుమాయిష్ మైదానం సగం దాకా వినబడింది. తప్పిపోయిన పిల్లల ప్రకటన కోసం చెవులొగ్గి ఉన్నవాళ్ళు కూడా విన్నారు.

ఇంద్రసేన మెల్లగా అడిగాడు. "ఎప్పటిసంది?"

"మొదటి చక్రం కాడికెల్లి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఎన్నడన్న అడిగిన్రా? తెల్లగున్నదా అని చూసిన్రు. నీకు మంచిగున్నదా అని అడగలె."

బజ్జీలవాడు మెల్లగా తన మూకుడు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంద్రసేన వరప్రసాద్ వైపు తిరిగి, "కట్టియ్యుండ్రి" అన్నాడు.

"ఏదండీ? నడిమిదా, పెద్దదా?"

రెండు చలికాలాలు తూచిన మనిషి ఏమీ తూచకుండా భార్య మొహం చూశాడు. నళిని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెద్దది. బాయిలర్ పట్టాలె. ఏ ముక్క కూడ బయట మిగలద్దు" అంది. స్కూటరు కోసం దాచుకున్నదంతా దానికి పోయింది. రిక్షాలో యంత్రం కూర్చుంది, వాళ్ళిద్దరూ వెనక నడిచి వచ్చారు.

మర్నాడు సాయంత్రం కాఫీ అయ్యాక గిన్నె రాలేదు. లోపల స్విచ్ వేసిన చప్పుడు వినబడింది. నళిని బాల్కనీలోకి కుర్చీ లాక్కుని, గోడకు చేరబడి కూర్చుంది. కింద ఒక లావుపాటి ఆయన, ముగ్గురు కూలీలు, బోలెడన్ని పెట్టెలు. బేరం రంజుగా సాగుతోంది. కాసేపటికి ఇంద్రసేన కూడా ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

"గిప్పుడు మనం ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దు."

ఆయన నిజాయితీగా ప్రయత్నించాడు. కాలు ఊపాడు, ఆపాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు. "గా రిక్షా ఎటు పోతున్నది?" అని అడిగాడు. నాకెట్ల తెలుస్తదండీ అంది. "గిట్ల రోజూ కూసుంటవా?" అన్నాడు, కాస్త భయంగా. ఔ అంది. ఇక ఆయనవల్ల కాలేదు, లేచి లోపలికి వెళ్ళాడు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆయన అరచేతిలో తడితడిగా ఒక చక్రం ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, బడిలో పలక చూపించే పిల్లవాడిలా చెయ్యి ముందుకు చాపాడు. "నా కండ్లకు నమ్మకం కుదుర్తలేదు. నువ్వొక్కసారి చూసి చెప్పు. తెల్లగున్నదా?"

నళిని చూసింది. భూతద్దం అక్కర్లేదు ఆమెకు. ఒక సందు మూల నల్లగా మిగిలే ఉంది. చిటికెలో పోయే జిడ్డు. వేళ్ళు జివ్వున లాగాయి. భర్త మొహం చూస్తే జాలేసింది కూడా. ఆమె రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"తెల్లగనే ఉన్నది" అంది.

ఇంద్రసేన మొహం విప్పారింది. సంతోషంగా దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళి, ఇంజనుకు బిగించడానికి కూర్చున్నాడు. నళిని కాళ్ళు చాపుకుని మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. కింద బేరం ఇంకా తెగలేదు.